పద్నాలుగు వేల పెన్ను ఇల్లు చేరేసరికి ఇరవై నాలుగు వేలైంది: ఈ సుంకం లెక్క ఎవరైనా వివరిస్తారా?

ప్రశ్న: సిరాచుక్క (అమలాపురం)

అందరికీ నమస్కారం. నేను అమలాపురంలో ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. పాళీ పెన్నులంటే నాకు చిన్ననాటి నుంచీ మక్కువ. మా నాన్నగారు రాజమండ్రిలో కొన్న నల్లని ఎబొనైట్ పెన్నుతోనే ముప్పై ఏళ్లపాటు బడిలో హాజరు పట్టీలు రాశారు. ఆ పెన్ను ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. మూత తిప్పి తీస్తే పాత రబ్బరు వాసన ఇంకా వస్తుంది. జీతంలో నెలనెలా కొంత పక్కన పెట్టి ఏడాదికి ఒక మంచి పెన్ను కొనుక్కోవడం నేను ఇష్టంగా చేసుకునే ఖర్చు.

కిందటి ఏడాదంతా కూడబెట్టి, జపానులోని ఒక చిన్న దుకాణం నుంచి 14 క్యారెట్ల బంగారు పాళీ ఉన్న పెన్నును తెప్పించాను. పెన్ను ధర మన రూపాయల్లో 14,000, రవాణాకు 2,000. వ్యక్తిగత వినియోగానికి తెప్పించుకునే వస్తువులపై దిగుమతి సుంకం 20 శాతమని ముందుగానే చదివి, అందుకోసం 2,800 రూపాయలు విడిగా తీసి ఉంచాను. సంక్రాంతి సెలవులు ముగిసిన వారం కొరియర్ అబ్బాయి రావులపాలెం నుంచి బండి మీద వచ్చి, పొట్లంతోపాటు 7,978 రూపాయల రశీదు చేతిలో పెట్టాడు. ఇంట్లో అంత నగదు లేకపోవడంతో పక్కింటి పిన్నిగారి దగ్గర చేబదులు తీసుకుని పొట్లం విడిపించుకున్నాను.

పెన్ను ధరతో పోల్చి చూస్తే నేను కట్టింది దాదాపు 57 శాతం. ఇరవై అన్నది యాభై ఏడు ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. రశీదులో నాలుగు వరుసల అంకెలున్నాయి గానీ ఏది దేనిమీద వేశారో అందులో లేదు.

దీనికి తోడు మరొక చిక్కు వచ్చింది. పాళీలో ఏదో లోపం ఉంది. అక్షరం గుండ్రంగా తిప్పినంతసేపూ బాగానే సాగుతుంది, తలకట్టు పెట్టేటప్పుడు మాత్రం సిరా తెగిపోతోంది. ఇంగ్లీషు రాసేటప్పుడు ఈ లోపం అంతగా తెలియదు, తెలుగు రాస్తే ప్రతి పదంలోనూ కనబడుతోంది. తిరిగి పంపితే ఉచితంగా సరిచేసి ఇస్తామని దుకాణం వారు మర్యాదగా రాశారు. పంపితే, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఏడు వేలు కట్టాలా? పైగా వారే, ఈసారి పొట్లం మీద “బహుమతి” అని రాసి విలువ తక్కువగా చూపిస్తామని కూడా అన్నారు. నా మనసు అందుకు ఒప్పుకోవడం లేదు, కానీ అందరూ చేసేది అదేనేమో తెలియదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: రేవుకాగితం (కాకినాడ)

అమ్మా, నేను కాకినాడ రేవులో ఒక కస్టమ్స్ హౌస్ ఏజెంటు ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి సరుకు ప్రకటన పత్రాలు) నింపి, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. మీ దగ్గర ఎవరూ అక్రమంగా వసూలు చేయలేదు. మీరు చదివిన 20 శాతం కూడా తప్పు కాదు. అది మొదటి మెట్టు మాత్రమే.

సుంకాన్ని వస్తువు ధర మీద కాకుండా, ధర, రవాణా, బీమా మూడూ కలిపిన విలువ మీద వేస్తారు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 14వ సెక్షనూ, దాని కింద 2007లో వచ్చిన విలువ నిర్ధారణ నియమాలూ చెప్పేది ఇదే. రవాణా ఎంతో కాగితాల్లో తేలకపోతే సరుకు ధరలో 20 శాతాన్ని రవాణాగా, బీమా తేలకపోతే 1.125 శాతాన్ని బీమాగా వారే కలుపుకుంటారు. మీ దుకాణం ఇచ్చిన 2,000లోనే బీమా కూడా ఉందనుకుంటే, మీ పెన్ను విలువ కస్టమ్స్ దృష్టిలో 14,000 కాదు, 16,000.

ఈ 16,000 మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకం 20 శాతం, అంటే 3,200. ఆ సుంకం మీద మళ్లీ 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, అంటే 320. విద్యా సెస్సుల స్థానంలో 2018లో వచ్చింది ఇది. ఇప్పుడు మొత్తం 19,520 అయింది. సమీకృత జీఎస్‌టీని మొదటి విలువ మీద కాకుండా, సుంకమూ సర్‌చార్జీ కలిసి పెరిగిన ఈ 19,520 మీద వేస్తారు. 18 శాతం చొప్పున 3,513 రూపాయల 60 పైసలు. మూడూ కలిపితే 7,033 రూపాయల 60 పైసలు, అంటే 16,000లో 43.96 శాతం. మీ రశీదులో నాలుగో వరుస కొరియర్ సంస్థ తన పనికి తీసుకున్న రుసుము అయి ఉండాలి. మీరు చెప్పిన మొత్తంలో మిగిలింది, పైసల సవరింపు వదిలేస్తే, 944 రూపాయలు. 800 రుసుము, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 144 అని వేస్తే సరిగ్గా సరిపోతోంది. ఒకసారి రశీదుతో పోల్చి చూడండి.

జీఎస్‌టీ గురించి ఒక మాట. వ్యక్తిగత వినియోగానికి వచ్చే వస్తువులకు కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే సుంకం రేట్ల పట్టికలో, 9804 అని ఒక ప్రత్యేక శీర్షిక ఉంది. 2025 సెప్టెంబరు 22కు ముందు ఈ శీర్షిక మీద జీఎస్‌టీ 28 శాతం. ఆ తేదీన 18కి తగ్గింది. మీ పెన్ను ఆ సెప్టెంబరు మొదట్లో వచ్చి ఉంటే, మిగతా రేట్లు ఇవే అనుకున్నా, జీఎస్‌టీ వరుస ఒక్కటే 5,465 రూపాయలు దాటేది. 2026 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్‌లో ఈ శీర్షిక మీద ప్రాథమిక సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తున్నట్లు ప్రకటించారు. 10 శాతంతో మీ పెన్ను లెక్క మళ్లీ వేస్తే సుంకం 1,600, సర్‌చార్జి 160, జీఎస్‌టీ 3,196 రూపాయల 80 పైసలు, మొత్తం 4,956 రూపాయల 80 పైసలు, విలువలో 30.98 శాతం. కనుక ఇకపై తెప్పించే వాటికి 31 శాతం అనుకుని డబ్బు సిద్ధం చేసుకోండి. అయితే రశీదు మీద శీర్షిక సంఖ్య చూడటం మరవకండి. కొన్నిసార్లు పొట్లాన్ని 9804 కింద కాకుండా వస్తువు సొంత శీర్షిక కింద కూడా మదింపు చేస్తారు. పెన్నులకైతే అది 9608. ఏ శీర్షిక కింద వేశారో తెలియకుండా ఎంత కట్టాలో ముందుగా చెప్పడం ఎవరి వల్లా కాదు.

మా రేవులో ఎరువుల ఓడ దిగితే టన్ను సరుకు మీద పడే రవాణా ఖర్చు సరుకు విలువలో చిన్న భాగమే. మీ పెన్నుకు రవాణా ధరలో ఏడో వంతు. చిన్న వస్తువు తెప్పించుకునేవారికి సుంకం బరువుగా తోచడానికి అసలు కారణం ఇక్కడ ఉంది, రేటులో కాదు. దీన్ని ఒక సిరా బుడ్డితో చూపిస్తాను. 900 రూపాయల సిరా బుడ్డి ఒక్కటే జపాను నుంచి తెప్పించారనుకోండి. గాజు సీసా, ద్రవం, గట్టిగా కట్టాలి కనుక రవాణా 2,000 అవుతుందనుకుందాం. విలువ 2,900. తగ్గిన రేటు ప్రకారమే దాని మీద 30.98 శాతం అంటే 898 రూపాయలు. సిరా ఎంతో సుంకం అంతే! దానికి తోడు కొరియర్ రుసుము 944. చివరికి 900 రూపాయల సిరా 4,742 రూపాయలకు మీ బల్ల మీదికి వస్తుంది. అదే సిరాను ఏడాదికి సరిపడా నాలుగు రంగులు తీసుకుని, మరో పెన్నుతోనో నోటు పుస్తకాలతోనో ఒకే పొట్లంలో తెప్పిస్తే రవాణా పంచుకుంటుంది, రుసుము ఒక్కసారే పడుతుంది. అలాగని ఒకే రకం డజను తెప్పించకండి. అప్పుడది వ్యక్తిగత వినియోగం అనిపించుకోదు. వ్యాపారమని భావించి దిగుమతి ఎగుమతి కోడ్ చూపమంటారు.

బాగు చేయించే సంగతి విడిగా రాస్తాను, అది కొంచెం పెద్ద విషయం.

జవాబు: గాలిపటం (పాలకొల్లు)

“బహుమతి” ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను.

మేము కొందరం మిత్రులం దాళ్వా కోతలు అయ్యాక ఖాళీ అయిన పొలాల్లో రేడియోతో నడిచే చిన్న గ్లైడర్లు ఎగరేస్తాం. రెండేళ్ల కిందట ఒక గ్లైడర్ కిట్ విదేశీ దుకాణం నుంచి తెప్పించాను. అసలు ధర 160 డాలర్లు. అమ్మినవారు నన్ను అడగకుండానే “బహుమతి, 25 డాలర్లు” అని రాసి పంపారు. ఆ సంగతి నాకు ముందే తెలిసినా, డబ్బు మిగులుతుందన్న ఆశతో ఊరుకున్నాను. పొట్లం కస్టమ్స్‌లో ఆగిపోయింది. నా కార్డు లావాదేవీ వివరం, దుకాణం పంపిన అసలు బిల్లు చూపమన్నారు. చూపగానే విలువను సరిచేసి పూర్తి సుంకం వేశారు, తప్పుడు ప్రకటనకు జరిమానా వేశారు, ఆగిన రోజులకు గిడ్డంగి అద్దె కూడా పడింది. నలభై రోజుల తరువాత కిట్ చేతికి వచ్చేసరికి పంట కాలం మళ్లీ మొదలై పొలాల్లో నీళ్లున్నాయి.

అప్పుడు కూర్చుని చదివాను. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు విలువైన బహుమతులకు సుంకం మినహాయింపు ఉండేది. 2019 డిసెంబరులో దాన్ని తీసేశారు. ప్రాణావసర మందులకూ రాఖీలకూ తప్ప, బహుమతి పేరుతో సుంకం లేకుండా ఏదీ రాదు. అంటే ఆ మాట రాయించుకోవడం వల్ల ఇప్పుడు దక్కే లాభం కూడా లేదు, అనుమానం మాత్రం పెరుగుతుంది. విలువను తప్పుగా చూపిస్తే కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద వస్తువును జప్తు చేయవచ్చు. పొట్లం దారిలో పోయినా పగిలినా బీమా కూడా ప్రకటించిన 25 డాలర్లకే వస్తుంది, మీరు చెల్లించిన 160కి రాదు. మీ పద్నాలుగు వేల పెన్ను విషయంలో ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

మా హాబీ ఉన్నవారి కోసం ఒక సంగతి కూడా చేరుస్తున్నాను. వస్తువును ఆట బొమ్మగా లెక్క కడితే దాని సొంత శీర్షిక మీద ప్రాథమిక సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. దానిపైన 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తింపు తప్పనిసరి. డ్రోన్ల దిగుమతినైతే 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. విడిభాగాలకు మాత్రం అడ్డు లేదు. కనుక కొనే ముందు సుంకం రేటు ఒక్కటే చూసుకుంటే చాలదు. వస్తువుకు ఏ పేరు పెడతారు, దానికి ఇంకే అనుమతి కావాలి అన్నది ముందు తేల్చుకోవాలి. అమలాపురంలోనే హామ్ రేడియో మిత్రుడొకరు ఉన్నారు. ట్రాన్స్‌మిట్ చేసే సెట్టు తెప్పించుకోవడానికి ఆయన సుంకం కన్నా ముందు లైసెన్సు కాగితాల కోసమే ఎక్కువ తిరిగారు.

జవాబు: లేత్‌బల్ల (రాజమండ్రి)

మేడమ్ గారూ, మీ నాన్నగారి పెన్ను సంగతి చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను రాజమండ్రిలో ఎబొనైట్ కడ్డీలను లేత్ మీద తిప్పి పెన్నులు చేస్తాను. పెన్నును మెచ్చుకుంటూ గాంధీజీ 1935లో ఎవరికి ఉత్తరం రాశారో ఆ కె.వి. రత్నం గారి ఊరిది. అది స్వదేశీ పట్టుదలతో మొదలైన పని. ఉలి ఆనించగానే కడ్డీ మీద నుంచి నల్లని రిబ్బనులా పొట్టు లేస్తుంది, గది నిండా గంధకం కలిసిన రబ్బరు వాసన. మీ సొరుగులో ఇంకా మిగిలిన వాసన అదే.

విదేశీ పెన్నుల మీద సుంకం పెరిగితే నాలాంటివారికి లాభమని చాలామంది అనుకుంటారు. పూర్తిగా నిజం కాదు. ఒళ్లు, మూత, గొంతు నేను తిప్పగలను, పాళీ చేయలేను. ఈ రోజు పెన్ను కొనడానికి వచ్చేవారు పేరున్న జర్మనీ పాళీ ఉందా అని అడుగుతారు. నేను యాభై యాభై చొప్పున తెప్పించుకుంటాను. ఆ చిన్న పొట్లం మీద కూడా రేవుకాగితం గారు చెప్పిన మూడు మెట్లూ పడతాయి, కొరియర్ రుసుమూ పడుతుంది. పెద్ద వ్యాపారి దిగుమతిలో కట్టిన జీఎస్‌టీని తన అమ్మకాల పన్నులో సర్దుబాటు చేసుకుంటాడు. అతనికి నిజంగా మిగిలే భారం ప్రాథమిక సుంకం, సర్‌చార్జి మాత్రమే. నేను కాంపొజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ రేటున పన్ను కట్టే పద్ధతి) ఉన్నాను కనుక నాకా సర్దుబాటు లేదు. మీకూ లేదు. సుంకం విషయంలో ఇంట్లో కూర్చుని ఒక పెన్ను తెప్పించుకునే మీరూ, వీధి చివర లేత్ పెట్టుకున్న నేనూ ఒకే వరుసలో నిలబడతాం. పెన్ను మీద సుంకం ఉంచినా, బయటి నుంచి తెచ్చుకునే పాళీ మీద తగ్గిస్తే ఈ ఊళ్లో ఇంకో నాలుగు లేత్‌లు తిరుగుతాయని నా గట్టి నమ్మకం.

ఇక మీ పాళీ సంగతి. తలకట్టు దగ్గర సిరా తెగడం నేను తరచుగా చూసే లోపమే. తెలుగులో తలకట్టును కింది నుంచి పైకి, కుడివైపుకు విసిరినట్లు వేస్తాం. ఆ గీతకు చేయి బరువు ఉండదు. పాళీ చీలిక కొన దగ్గర మరీ బిగుసుకుని ఉంటే, బరువు పెట్టిన గీతల్లో తెరుచుకుని సిరా ఇస్తుంది, తేలిక గీతల్లో మూసుకుపోతుంది. భూతద్దం కింద పట్టి వెలుతురుకు చూస్తే చీలికలో వెంట్రుకంత సందు కొన దాకా కనబడాలి. మీ పాళీలో సగంలోనే ఆగిపోతుందని నా ఊహ. పలుచని ఇత్తడి రేకుతో పది నిమిషాల పని. కానీ ముందే చెబుతున్నాను, ఇంకొకరు చేయి పెట్టిన పాళీకి దుకాణం వారి హామీ పోవచ్చు. వారిని రాతపూర్వకంగా అడిగి, ఒప్పుకుంటేనే తీసుకురండి.

జవాబు: తెల్లదారం (నరసాపురం దగ్గర)

నేను ఈ లెక్కను అవతలి వైపు నుంచి చూసిన మనిషిని. మా అమ్మ, పిన్ని, నేను ఇంట్లో లేసు అల్లుతాం. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నరసాపురం లేసు ఇదే. ఎక్కువ పని ఎగుమతిదారులకే ఇస్తాం గానీ, కొన్నేళ్లుగా అమెరికాలో పాతకాలపు బొమ్మలకు బట్టలు కుట్టే సరదా ఉన్న కొందరు స్త్రీలు మా దగ్గర నేరుగా చిన్న చిన్న ముక్కలు కొంటున్నారు. వారూ మీలాంటివారే.

అక్కడ 800 డాలర్ల లోపు పొట్లానికి సుంకం ఉండేది కాదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు; దానికి రెండు రోజుల ముందే భారతదేశపు సరుకు మీద అదనపు సుంకం మొత్తం 50 శాతానికి చేరింది. వసూలు ఎవరు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు పొట్లాలు తీసుకోవడం ఆపి, అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఏడు వారాలూ అల్లి ఇస్త్రీ చేసిన ఒక గుండ్రని లేసు, పైన కాగితం చుట్టి, మా బీరువాలోనే ఉంది. కొన్నావిడకు 40 డాలర్లు. తరువాత పంపితే దాని మీద ఇంకో 20 డాలర్ల సుంకం. ఆమె డబ్బు వెనక్కి అడగలేదు. సుంకం తాను కడతానని రాసింది, కానీ ఆ తరువాత ఏడాదిలో నాలుగుసార్లు కొనేదల్లా ఒక్కసారే కొంటానంది. ఇప్పటిదాకా అన్నట్లే చేస్తోంది. అక్కడి రేట్లు ఆ తరువాతా మారుతూనే వచ్చాయి, ఆమె భయం మాత్రం పోలేదు.

మేడమ్ గారికి నేను చెప్పదలచింది ఒకటే. మీ జపాను దుకాణం వారు “బహుమతి” అని రాస్తామన్నది దురుద్దేశంతో కాకపోవచ్చు. కొనేవారు ఎక్కడ పోతారోనని అమ్మేవారికి దిగులు ఉంటుంది; మమ్మల్ని కూడా అలా రాయమని ఇద్దరు అడిగారు. మేము అసలు ధర, నూలు దారం, చేతి అల్లిక అని స్పష్టంగా రాసే పంపాం. ఆ రెండు పొట్లాలూ ఎక్కడా ఆగలేదు. నిజం రాయమని మీరు ముందే చెబితే వారికీ నిశ్చింతగా ఉంటుంది.

జవాబు: రేవుకాగితం (కాకినాడ)

తెల్లదారం గారు చెప్పింది అక్షరాలా పాటించదగినది.

బాగు చేయించి తిరిగి తెప్పించుకునే సంగతికి వస్తాను. పెన్ను తిరిగి వచ్చేటప్పుడు అది కొత్త కొనుగోలులాగే కనబడుతుంది, కాగితం లేకపోతే మళ్లీ పూర్తి సుంకం పడుతుంది. దీనికి చట్టంలో దారి ఉంది. 2017 జూన్ 30 నాటి 45వ నంబరు కస్టమ్స్ నోటిఫికేషన్ ప్రకారం, బాగు చేయించడానికి విదేశానికి పంపిన వస్తువు మూడేళ్ల లోపు తిరిగి వస్తే, వస్తువు పూర్తి విలువ మీద కాకుండా మరమ్మతు ఖర్చు, రానూపోనూ రవాణా, బీమాల మీదనే సుంకం వేస్తారు. మీకు ఉచితంగా చేస్తామన్నా, ఆ పనికి న్యాయంగా అయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకుంటారు. అయితే వెళ్లిన వస్తువూ వచ్చిన వస్తువూ ఒకటేనని మీరు చూపగలగాలి. పంపేటప్పుడే ప్రకటన పత్రం మీద “మరమ్మతు కోసం, తిరిగి వచ్చును” అని రాయించండి. పెన్ను ఫొటోలు, పాళీ మీది గుర్తులు, మొదటి బిల్లు, మీరు కట్టిన సుంకం రశీదు, దుకాణం వారితో జరిగిన ఉత్తరాలు అన్నీ ఒక కవరులో ఉంచండి. వారు పాత పెన్ను ఉంచుకుని కొత్తది పంపితే ఈ వెసులుబాటు వర్తించదు, అది ముందే అడగండి.

లోపం ఉన్న సరుకును తిరిగి పంపేస్తే కట్టిన సుంకం వాపసు పొందే వీలు 26ఏ సెక్షన్‌లో ఉంది. కానీ విడుదలైన 30 రోజుల్లోపు తిరిగి పంపాలి. సంక్రాంతికి వచ్చిన పెన్ను కనుక మీకు ఆ గడువు దాటింది. ఇకపై విదేశీ వస్తువు ఏది వచ్చినా మొదటి వారంలోనే పరీక్షించుకోండి. పెన్నైతే తెలుగులోనే రాసి చూడండి.

నా అభిప్రాయం అడిగితే, రానూపోనూ రవాణాకే మీకు నాలుగు వేలు అవుతుంది, దాని మీద సుంకం అదనం. రాజమండ్రి అంతకన్నా చాలా దగ్గర.

ప్రశ్న అడిగినవారి జవాబు: సిరాచుక్క (అమలాపురం)

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రశీదు తీసి రేవుకాగితం గారి లెక్కతో వరుస వరుసా పోల్చాను; 3,200, 320, 3,513.60, చివర 944, పైసలతో సహా సరిపోయింది. శీర్షిక 9804 అనే ఉంది. మూడు నెలలుగా ఆ కొరియర్ సంస్థ మీద నేను పెట్టుకున్న అనుమానం తప్పని తెలిసింది. వచ్చిన అబ్బాయితో ఆ రోజు కొంచెం కటువుగా మాట్లాడాను, మళ్లీ కనబడితే ఆ మాట చెప్పుకుంటాను.

జపాను దుకాణం వారికి నిన్న రాత్రే రాశాను. ఇకపై ఏది పంపినా అసలు ధరే వేయమని, పాళీని ఇక్కడి పనివారు సరిచేస్తే హామీ ఉంటుందా అని అడిగాను. పొద్దున్నే జవాబు వచ్చింది. చీలిక వరకు సరిచేయించుకోవచ్చని, కొన అరగదీస్తే మాత్రం హామీ ఉండదని రాశారు. సిరా మాత్రం ఇప్పుడే తెప్పించను. వచ్చే ఏడాది పెన్నుతో కలిపే తెప్పించుకుంటాను.

లేత్‌బల్ల గారూ, ఈ ఆదివారం ఉదయం మీకు వీలైతే రావులపాలెం మీదుగా బస్సులో వస్తాను. నాన్నగారి పెన్ను కూడా వెంట తెస్తాను. దాని మూత లోపలి మరలు అరిగిపోయి ఇప్పుడు బిగుసుకోవడం లేదు. అదే కొలతకు ఇంకో మూత తిప్పగలరేమో ఒకసారి చూడండి.